ఖాళీ సంచి బరువు

ఏడేండ్లు బోర్డు మీద ఎక్స్ రాసిన.
విలువ కనుక్కోండ్రి అన్న.
వాళ్లు కనుక్కున్నరు, నాకే ఇచ్చేసిన్రు,
ఎవరి సామాను వాళ్లకు అప్పజెప్పినట్టు.

ఓ పొద్దు తొమ్మిదో తరగతిల
ఆఖరి బెంచీ బానోతు సుమలత లేచి
"సార్, గీ ఎక్స్ మా తండాల ఏడుంటది?" అన్నది.
పిల్లలు నవ్విన్రు. నేనూ నవ్విన.
నవ్వు అయిపోయినంక చూస్తే
నా దగ్గర జవాబు లేదు.
పరీక్షల వస్తది అన్న.
అది జవాబు కాదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు,
కిటికీల కూసున్న పిట్టకు సుత తెలుసు.

మాఘమాసం. నర్సంపేట తొవ్వ పొంటి కల్లాలన్నీ ఎర్రగ.
సగం బెంచీలు ఖాళీ, మిర్చి ఏరబోయిన్రు.
వచ్చిన సగంమంది బట్టలల్ల ఘాటు.
హాజరు పిలుస్తుంటే ఒకటే తుములు.

మూడు దినాలకు సుమలత వచ్చింది,
నోటుబుక్కుల మడతవెట్టిన పచ్చకాయితం తోని.
ఎనుమాముల యార్డుల వాళ్ల నాయిన లచ్చుకు
అడ్తి దుకాణం ఇచ్చిన తక్‌పట్టీ.
"సదువుండ్రి సార్."

తేజ రకం. ముప్పై రెండు బస్తాలు.
క్వింటాకు పద్నాలుగు వేలు.
హమాలీ, దడువాయి, కమీషన్,
వాటి కింద ఈగ వాలినంత అక్షరాలల్ల
తరుగు: బస్తాకు కిలో.

"కిలో ఎందుకు?" అన్నడట లచ్చు.
"సంచి బరువు" అన్నడట గుమాస్త.
"ఖాళీ సంచి గంత ఉంటదా?"
"మామూలే."

సుద్దముక్క పక్కకు పెట్టిన.
సంచి బరువు మనకు తెలువదు కదా అన్న.
క్లాసు కొంచెంసేపు ఊకున్నది.
ఆఖరి బెంచీ నుంచి, మెల్లగ,
"అయితే గదే ఎక్స్ సార్."

ఇగ ఆగలే.
మధ్యాహ్నం బువ్వ బియ్యం సంచులు వంటగది మూలకున్నయి.
తిరిగి తెచ్చియ్యాలెనని రాజవ్వ ఒట్టేయించుకున్నది.
యాకూబ్ కిరాణంల ఒక్క సంచి పెడితే
కాంటా ముల్లు ఒణికింది, నిలువలే.
"పది పెట్టుండ్రి" అన్నడు కొమ్మాలు,
నా క్లాసుల ఏనాడూ నోరు తెరువని పిల్లగాడు.

పది ఎక్స్ లు ఆరు కిలోలు.
ఒక్క ఎక్స్ ఆరువందల గ్రాములు.

మిగిలిన నాలుగువందల గ్రాములు ముప్పై రెండు మాట్ల
పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.
కిలోకు నూట నలభై.
దశాంశ చుక్క ఏడ పెట్టాల్నని
రెండు బెంచీలు అంగీలు పట్టుకున్నయి.
ఒక్క చుక్క కోసం కొట్లాట
నా నౌకరిల అదే మొదలు.

వెయ్యిన్ని ఏడువందల తొంభై రెండు రూపాయలు.

సుమలత ఆడ ఆగలే.
"మా అవ్వకు దినానికి మూడొందల కూలి."
భాగించింది. ఇంచుమించు ఆరు.
ఆరు దినాలు వంగిన నడుము
సంచి పేరు మీద పోయింది.
అప్పుడు ఎవ్వరూ తుమ్మలే.

కాయితం పట్టుకొని లచ్చు యార్డుకు పోయిండు.
గుమాస్త సదివిండు.
"ఎవడు చేసిండు గీ లెక్క?"
"మా బిడ్డ."
పైసలు తిరిగి రాలే, అబద్ధమెందుకు చెప్పాలె.
కానీ రెండో ఏరుడు మిర్చికి
తరుగు ఏడువందల గ్రాములే పడ్డది.
"ఇంకా వంద ఎక్కువనే సార్" అన్నది సుమలత.

నిన్న వర్గ సమీకరణాలు మొదలువెట్టిన.
"గిది ఏడుంటది సార్?" అన్నడు కొమ్మాలు.
నవ్వలే.
"తెలువదు. మీరు ఎతుకుండ్రి, నేను సుత ఎతుకుత."

బడి విడిచినంక సైకిల్‌మోటరు మీద పోతుంటే
లచ్చు చేన్ల బోరు పైపు నుంచి
నీళ్లు ఎగిరి, వంగి, మడిల పడుతున్నయి.
బండి ఆపిన.
పైపు మొదలు నుంచి నీళ్లు పడ్డకాడికి
చెప్పులిడిసి
అడుగులేసి కొలిచిన.